బొగ్గూ, నీళ్ళూ, మీ అమ్మ కాలూ

తెలిపారా, బిలాస్‌పూర్
27 జనవరి 2025

చి. ప్రసూనకి మావయ్య సన్యాసిరావు దీవించి రాసేది.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీశాను, పెన్ను విదిలించాను, మళ్ళీ మూత పెట్టేసి పడుకున్నాను. నువ్వెక్కడో పార్వతీపురంలో హైస్కూలు పిల్లలతో గొంతు చించుకుంటూ ఉంటావు, ఇక్కడి గొడవ కూడా నీ నెత్తిన పడెయ్యడం దేనికి అని. కానీ నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ అమ్మ "నాకేటే, గుండ్రాయిలా ఉన్నాను" అని పెట్టెయ్యడం చూశాను. విన్నాననడం లేదు, చూశాను. రైల్వే వ్యాగన్ల షెడ్డులో సుత్తి మోతలు నా చెవులు రెండూ ఎప్పుడో తినేశాయి. మీ అమ్మ అబద్ధం ఆడేటప్పుడు మాత్రం పెదాలు చూస్తే తెలిసిపోతుంది. చిన్నప్పట్నించీ అంతే.

సంగతేమిటంటే మీ అమ్మ ఎడమకాలి చిటికెనవేలు మీద పుండు పడింది. చెప్పు పట్టీ ఒరుసుకుని ముందు చిన్న బొబ్బ. పసుపు రాసుకుని దాచింది. మేజోడు తొడుక్కుని తిరుగుతుంటే చలికనుకున్నాను. వాసన వచ్చాక పట్టుకున్నాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం చూసి, సుగర్ బాగా ఎక్కువుంది, అది దిగకపోతే పుండు మానదు, వేలు తియ్యాలి, వేలితో ఆగుతుందని కూడా చెప్పలేను అంది. మాత్రలిచ్చింది. తీపి మానెయ్యమంది, అన్నం తగ్గించమంది.

ఆ పూట నించీ ఇంట్లో తీపన్నది లేదు. టీలో పంచదార బంద్. సదర్ బజార్ మీదుగా వస్తే మిఠాయి కొట్ల వాసనకి మీ అమ్మ మనసు లాగుతుందని రిక్షా వాడిని వేరే సందులోంచి తిప్పించాను. వాడు "దాదా, ఇంత చుట్టెందుకు" అని గొణిగాడు, అది కూడా పెదాలే. మా షెడ్డులో ఘోష్ బాబు అని ఒక ఫోర్‌మన్ ఉండేవాడు. ఆయనకీ ఇదే జబ్బు. రసగుల్లా నోట్లో పెట్టుకుని, రసం పీల్చి, పిప్పి ఉమ్మేసేవాడు, నేను తినలేదు కదా అని. ఆయన గతేమైందో ఇప్పుడెందుకులే.

మళ్ళీ పరీక్ష చేయిస్తే సుగర్ దిగలేదు. పంచదార మానేసిన మనిషికి పంచదార ఎక్కణ్ణించి వస్తోంది? పొద్దున్న చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రికి అటుకులు. వీటిలో తీపి ఏది? డాక్టరమ్మని అడిగితే వెనక లైనుంది అంకుల్ అంది. పక్కింటి వాళ్ళ దగ్గర పదో తరగతి సైన్సు పుస్తకం తెచ్చి చూశాను. హిందీలో ఉంది. పదాలు తెలుస్తున్నాయి, సంగతి తెలియడంలేదు. నువ్వు చెప్పేది ఆ సైన్సే కదా. మొదట్నించీ చెప్పు. పసిపిల్లాడికి చెప్పినట్టు మాత్రం చెప్పకు.

ఓపిక లేని
నీ మావయ్య

•

పార్వతీపురం
5 ఫిబ్రవరి 2025

మావయ్యకి ప్రసూన నమస్కారాలు.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. తరవాత క్లాసులో ఏం చెప్పానో నాకే తెలీదు. అమ్మకి ఫోన్ చేస్తే "మీ మావయ్యకి పనీ పాటా లేదు, ఏటో రాస్తాడు" అంది. అందుకని నీకే రాస్తున్నాను.

మొదట్నించీ అన్నావు కాబట్టి మొదట్నించే. కార్బోహైడ్రేట్ అంటే పేరులోనే ఉంది, కర్బనం, నీళ్ళు. హైడ్రోజనూ ఆక్సిజనూ నీటిలో ఏ పాళ్ళలో ఉంటాయో దాదాపు అదే పాళ్ళలో కర్బనానికి అతుక్కుని ఉంటాయి. పంచదార మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే నీటి పాలంతా లాగేసుకుంటుంది, నల్లటి బొగ్గు పొంగి బయటికొస్తుంది. ఏటా పిల్లలకి చూపిస్తాను. వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి నిలబడేది ఆ ఒక్కరోజే.

వీటన్నిటికీ మూలం గ్లూకోజ్. అందులో కర్బనాలు ఆరు. అయిదు కర్బనాలూ ఒక ఆక్సిజనూ చేతులు పట్టుకుని ఉంగరంలా కూచుంటాయి, ఆరోది బయటికి వేలాడుతుంది. దీన్ని ఒక వ్యాగన్ అనుకో. పళ్ళలో, తేనెలో ఉండే ఫ్రక్టోజ్ ఇంకో వ్యాగన్. సరుకు అంతే, కట్టిన తీరు వేరు. ఒక గ్లూకోజుకీ ఒక ఫ్రక్టోజుకీ కప్లింగ్ కొక్కెం వేస్తే మనింట్లో పంచదార. గ్లూకోజు వెనక గ్లూకోజు తగిలించుకుంటూ వందలు, వేలు పోతే అది పిండి పదార్థం. అన్నం, అటుకులు, చిలకడదుంప, రొట్టె, అంబలి అన్నీ అదే గూడ్సు బండి. నాలుక మీద బండి బండిగానే ఉంటుంది, అందుకే తియ్యగా ఉండదు. పేగుల్లోకి వెళ్ళేసరికి కప్లింగులు ఊడిపోతాయి, విడి వ్యాగన్లు రక్తంలోకి దిగుతాయి. అమ్మ సుగర్ అక్కణ్ణించి వస్తోంది. గడ్డి, ఆకు, కర్ర, నీ చేతిలో కాగితం కూడా గ్లూకోజు గొలుసులే, మావయ్యా. ఒక్కటే సరుకు.

ఇవన్నీ మా లేబులో తేల్చుకోవచ్చు. పిండి మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలం. గ్లూకోజుని బెనెడిక్ట్ ద్రావణం అనే నీలం నీళ్ళతో కాస్తే ఇటుక రంగు.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఇంట్లో తీపి లేదంటున్నావు, నిజంగానే లేదా? అమ్మ బతిమాలితే నువ్వు కరిగిపోతావని నాకు తెలుసు. పరీక్షలయ్యాక వచ్చి అమ్మని నాతో ఇక్కడికి తీసుకొస్తాను. అంతవరకూ ఆ కాలిని నీకు అప్పజెప్తున్నాను.

ప్రసూన

•

తెలిపారా
14 ఫిబ్రవరి 2025

చి. ప్రసూనకి,

బొగ్గూ నీళ్ళూ అని చదవగానే నాకు మా పాత రోజులు గుర్తొచ్చాయి. నేను షెడ్డులో చేరినప్పుడు స్టీమ్ ఇంజిన్లు ఇంకా ఉండేవి. అవి తినేదీ బొగ్గే, తాగేదీ నీళ్ళే. మనిషీ ఇంజినూ ఒకే మెస్సులో భోజనం చేస్తున్నాయని ఇన్నాళ్ళూ ఎవరూ నాకు చెప్పలేదు. కాకపోతే ఇంజిన్‌కి పొయ్యీ, తొట్టీ వేరువేరు. మనకి రెండూ కలిపి ముద్ద చేసి పెడుతున్నారు. మీ అమ్మకి చెబితే "అయితే నాకూ పొగ్గొట్టం పెట్టించు" అంది.

తీపి సంగతి అడిగావు. నా మీద అనుమానపడ్డావు. సరే, అడిగినవాళ్ళకి రుజువు చూపించాలి గాని నోటితో చెబితే ఏం లాభం? మన శివాజీ గుర్తున్నాడా, కాలేజీ లేబులో అటెండరుగా చేసి రిటైరైనవాడు? వాణ్ణి పట్టుకుని నీలం నీళ్ళ సీసా సంపాదించాను. టించర్ అయోడిన్ ఇంట్లో ఉన్నదే. వంటింట్లో గ్యాసు పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టాను.

మీ అమ్మ కుంటుకుంటూ వచ్చి, "ఏటన్నియ్యా, ఈ బట్టీ ఏటి? సారా కాస్తున్నావేటి?"

"నీ కాలు కోసమే."

"నా కాలు అక్కడ లేదు కదా, గిన్నెలో!"

ఫలితాలు రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. పంచదార నీళ్ళలో నీలం నీళ్ళు పోసి కాచాను. నీలంగానే ఉంది, పిసరంత మారలేదు. శివాజీ కూడా చూశాడు. గంజి పోసి కాచాను. అదీ నీలమే. అన్నం మీద అయోడిన్ వేస్తే కాటుకలా నల్లబడింది, పంచదార మీద వేస్తే ఏమీ లేదు. అంటే అన్నంలో పంచదార లేదు, పంచదారలో గ్లూకోజ్ లేదు. అచ్ఛా, మరి దొంగ ఎవరు? అల్మరాలో తేనె సీసా ఉంది, దగ్గుకని మీ అమ్మ తులసితో రోజూ నాకేది. దాన్ని కాచాను. ఒక పొంగు వచ్చేసరికి ఎర్రటి ఇటుక! శివాజీ చప్పట్లు కొట్టాడు.

తేనె సీసా పెరట్లో పారబోశాను. చీమలకి పండగ. మీ అమ్మకి మళ్ళీ కడుపునిండా అన్నం పెడుతున్నాను, టీలో చెంచా పంచదార కూడా. పాపం, ఇన్నాళ్ళూ నిరపరాధుల్ని జైల్లో పెట్టాం. పుండు ఇంకా తడిగానే ఉంది. దొంగ పోయాడు కాబట్టి ఇక ఆరుతుంది.

వ్యాగన్ల పోలిక బాగుంది. కానీ కప్లింగ్ దానంతటది ఊడదమ్మా, మనిషి దిగి ఊడదియ్యాలి. టీచరువి, ఆ మాత్రం తెలుసుకో.

నీ
మావయ్య

•

పార్వతీపురం
20 ఫిబ్రవరి 2025
స్పీడ్ పోస్టు

మావయ్యా,

నీ ఉత్తరం అందిన నిమిషంలో అమ్మకి ఫోన్ చేశాను. అన్నం, పంచదార మానెయ్యమన్నాను. "మీ మావయ్యే సైన్సు చేసి తినమన్నాడు, మీరిద్దరూ ముందు తేల్చుకోండి" అని పెట్టేసింది. అందుకని తేలుస్తున్నాను.

నీ పరీక్ష తప్పు కాదు, నువ్వు తీసిన అర్థం తప్పు. ఆ నీలం నీళ్ళు గ్లూకోజులో విడిగా ఉన్న కొసని మాత్రమే పట్టుకుంటాయి. పంచదారలో గ్లూకోజు కొసా ఫ్రక్టోజు కొసా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని ఉంటాయి. ఖాళీ చెయ్యి లేదు. అందుకే రంగు మారలేదు. పిండి పదార్థంలో వేల వ్యాగన్ల బండికి చివర ఒక్క ఖాళీ కప్లింగ్ ఉంటుంది, అది నీ గిన్నెలో ఎంతని కనిపిస్తుంది? తేనెలో రెండూ విడివిడిగా తిరుగుతాయి కాబట్టి దొరికిపోయింది. కప్లింగ్ ఊడదియ్యడానికి మనిషి దిగాలన్నావు చూడు, నిజం. ఆ మనిషి మన ఉమ్ములో ఉన్నాడు, పేగుల్లో ఉన్నాడు. ఎంజైమ్ అంటారు. నీ గిన్నెలో లేడు. నమ్మకపోతే చల్లారిన గంజిలో కాస్త నీ ఉమ్ము కలిపి, గోరువెచ్చగా కాసేపు ఉంచి, అప్పుడు కాచి చూడు.

ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడకు. అందులో రాగి లవణం ఉంటుంది, విషం. పారెయ్.

ఇక ఇది కూడా రాస్తాను. మా అమ్మ నీకు టెస్ట్ ట్యూబా, మావయ్యా? అమ్మ చేతి అన్నం లేకపోతే నీకు ముద్ద దిగదు. నేను తీసుకుపోతానన్నానని, ఏదో ఒకటి చేసి అక్కడే అట్టే పెట్టుకోవాలని చూస్తున్నావేమో అని కూడా అనిపిస్తోంది. ఉన్నమాట చెప్పు.

పదో తరగతి ప్రీ-ఫైనల్ పేపర్లు గుట్టగా ఉన్నాయి. కళ్ళు మండుతున్నాయి.

ప్రసూన

•

తెలిపారా
1 మార్చి 2025

ప్రసూనకి,

ఉమ్ము కలిపి చూశాను. ఎర్రబడింది. గిన్నె పారేశాను.

మీ అమ్మ చేతి అన్నం కోసం అన్నావు. పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి, మీ నాన్న పోయాక మీ అమ్మ ఈ ఇంటికొచ్చి వండిపెట్టింది, నిజమే. పుండు పడ్డాక వంట నాదే. ఆవిడ మంచం మీద కూచుని, పోపు మాడిందనీ, ఉప్పు ఊరికే వచ్చిందా అనీ దొబ్బులు పెడుతుంది, పెదాలు చూడకుండా తప్పించుకుంటాను. అట్టే పెట్టుకోవాలనుకుంటే ఇంత కష్టపడి చెడగొట్టుకోనమ్మా. ఇంతకంటే రాయడానికి మనసు లేదు.

కానీ జరిగింది చెప్పాలి, లేకపోతే అదింకో తప్పు.

ఈసారి నీ మాట అక్షరం తప్పకుండా విందామనుకున్నాను. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీశాను. అన్నం, అటుకులు, దుంప, రొట్టె, అంబలి అన్నీ గ్లూకోజన్నావు. ఆపాను. గడ్డీ ఆకూ కూడా గ్లూకోజు గొలుసులే, ఒక్కటే సరుకన్నావు. తోటకూర ఆపాను. ఇక్కడి ఎర్ర తోటకూర, లాల్ భాజీ, అదీ ఆపాను. ఆనపకాయ, బెండకాయ, అన్నీ మొక్కలే కదా, ఆపాను. పప్పు కూడా చెట్టుకే కాస్తుంది. ఇక మిగిలింది కోడిగుడ్డూ, చారునీళ్ళూ. మీ అమ్మ ఒక పూట ఓర్చుకుంది, రెండో పూట "అన్నియ్యా, నన్ను పాడె మీదకెక్కించి ఆ గుడ్డు నోట్లో పెట్టు" అంది. డాక్టరమ్మ అప్పటికే సుగర్ దించే సూదిమందు కూడా మొదలుపెట్టింది. అది మానకుండా వేయిస్తున్నాను.

మర్నాడు పొద్దున్న నేను పేపరు చదువుతున్నాను. మీ అమ్మ గుమ్మంలో నిలబడి, చీర తడిసిపోయేంత చెమట, నన్ను చూసి "బాబూ, రాయగడ బండి వెళ్ళిపోయిందేటి?" అంది. వేళాకోళం అనుకుని, "లేటుంది, కూచో" అన్నాను. మళ్ళీ పేపర్లో పడ్డాను. ఆవిడ వంటింట్లో పడిన చప్పుడు నాకు వినబడదు కదా. పక్కింటి ఊర్మిళ కిటికీలోంచి చూసి పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్లే నన్ను భుజం పట్టి లాగింది.

ఇంకా స్పృహ పూర్తిగా పోలేదు. ఊర్మిళ తలెత్తి పట్టుకుని గ్లూకోజు నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించింది. నేను వద్దు వద్దని చెయ్యి పట్టుకున్నాను. ఆ పిల్ల నా చెయ్యి విదిలించి కొట్టింది. కాసేపటికి మీ అమ్మ కళ్ళు నిలబడ్డాయి. నన్ను చూసి, "అలా ఏడుస్తావేటి, గుడ్లు అయిపోయాయా?" అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను బయట బెంచీ మీద కూచోబెట్టి హిందీలో చాలాసేపు మాట్లాడింది. ఆవిడ మాస్కు తీయలేదు. ఏమందో నాకు తెలీదు. తెలియకపోయినా తెలిసింది.

నీ ఇష్టం. వచ్చి తీసుకుపో.

సన్యాసిరావు

•

పార్వతీపురం
7 మార్చి 2025

మావయ్యకి,

నీ ఉత్తరం కంటే ముందే ఊర్మిళ వాళ్ళాయన మనీష్ ఫోన్ చేశాడు. "దీదీ, అంకుల్‌జీ రెండు రోజులుగా మేం పిలిచినా భోంచెయ్యడం లేదు" అని చెప్పాడు. నువ్వు గుడ్లే తింటున్నావా, అదీ లేదా?

నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. ఒక్కటే సరుకు అని రాసి చుక్క పెట్టేశాను. అసలు పాఠం ఆ చుక్క తరవాత ఉంది. పేపర్లు దిద్దే తొందరలో అంత కాగితం నీకు ఇవ్వలేకపోయాను.

ఇప్పుడు చెబుతున్నాను. బియ్యంలో వ్యాగన్లన్నీ ఒకే వైపు తిరిగి తగులుకుంటాయి. గడ్డిలో, ఆకులో, సెల్యులోజ్ అంటాం, అందులో ఒక వ్యాగన్ నిలువుగా, పక్కది తలకిందులుగా, మళ్ళీ నిలువుగా, అలా తగులుకుంటాయి. తేడా అంతే. మన ఒంట్లో కప్లింగు మనిషికి మొదటి రకం ఊడదియ్యడమే వచ్చు. రెండోదాన్ని చూసి చేతులెత్తేస్తాడు. అందుకని ఆకుకూరలో ఆ గ్లూకోజు అమ్మ రక్తంలోకి రాదు, పీచుగా వచ్చి పీచుగా పోతుంది. పోతూ పోతూ మిగతా తిండిని నెమ్మదిగా వెళ్ళమంటుంది. మంచిదే చేస్తుంది. గడ్డి తినే ఆవుకి కూడా ఆ పని రాదు, దాని కడుపులో సూక్ష్మజీవులు చేసిపెడతాయి.

ఇంకోటి. గ్లూకోజు దొంగ కాదు, మావయ్యా. మెదడు ముఖ్యంగా దాని మీదే నడుస్తుంది. ఎక్కువైతే కాలు పోతుంది, తక్కువైతే మనిషి పోతుంది. సూదిమందు వేసి తిండి ఆపితే అదే జరుగుతుంది. కాబట్టి పూటపూటకీ చిన్న కప్పు అన్నం, దాని మీద పప్పు, పక్కన అన్నం కంటే ఎక్కువ కూర. సూది వేసిన తరవాత తిండి తప్పకూడదు. మళ్ళీ చెమట పట్టి మాట తడబడితే, మింగగలిగితే, ముందు పంచదార నీళ్ళు. అప్పుడు నన్నూ అడగకు, పుస్తకాన్నీ అడగకు.

అట్టే పెట్టుకోవాలని చూస్తున్నావని రాశాను. ఆ కాగితం చింపెయ్.

పుండు ఎముక దాకా వెళ్ళిందని మనీష్ చెప్పాడు. అమ్మని అడిగితే "కొంచెం గీసుకుంది" అంది. పరీక్షల డ్యూటీ అయిన వెంటనే బయల్దేరుతున్నాను.

నువ్వు తిను.

ప్రసూన

•

తెలిపారా
22 ఏప్రిల్ 2025

చి. ప్రసూనకి మావయ్య రాసేది.

నువ్వు బండెక్కిన దగ్గర్నించీ రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఎండలు మొదలయ్యాయి. కూలర్లో నీళ్ళు పొయ్యడానికే నా ఓపికంతా అయిపోతోంది.

వేలు తీసిన చోట కుట్లు విప్పారు. డాక్టరమ్మ నొక్కి చూసి, పాదానికి ఇక భయం లేదు, వేలితోనే ఆగింది అంది. ఈసారి మాస్కు కిందికి లాగి చెప్పింది, నాకోసమే. సుగర్ పూర్తిగా దారికి రాలేదు గాని దిగుతోంది. నువ్వు చూపించిన కప్పుతోనే అన్నం పెడుతున్నాను. మీ అమ్మ రోజూ దాన్ని చూసి "కాకికి పెట్టావేటి?" అంటుంది. తింటుంది.

నీతో రానని అంత మంకుపట్టు పట్టింది కదా, నా కోసమనుకుని నువ్వు మొహం మాడ్చుకుని వెళ్ళావు. నేనూ అలాగే అనుకుని లోపల్లోపల కొంచెం పొంగిపోయాను, ఎందుకు దాచాలి. నిన్న అడిగాను, నాకోసం ఆగిపోయావా చెల్లీ అని. "నీకోసం ఏటి? అది రోజంతా బడిలో ఉంటుంది, నేను గోడలతో మాట్లాడాలా? నువ్వు చెవిటివాడివైనా మొహం వేపు చూస్తావు" అంది. నీ మీద కోపం కాదది, నా మీద ప్రేమా కాదు. కాస్త రెండూ ఉన్నాయేమో. ఈ విషయం తేల్చడానికి శివాజీ దగ్గర ఏ నీళ్ళూ లేవు.

నేను ఆ పదో తరగతి పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఊర్మిళ ఉంచుకోండి అంకుల్ అంది. వద్దమ్మా అన్నాను. చదవాలంటే కళ్ళు, వండాలంటే చేతులు, రెండూ ఒకేసారి పనిచెయ్యడం లేదు. ఇకమీద ఏదైనా తెలియకపోతే నీకు రాస్తాను, నీ జవాబు రెండుసార్లు చదివి, తెలియలేదని మళ్ళీ రాస్తాను. పోస్టుమాన్‌కి విసుగొస్తే రానీ.

సెలవులిస్తే రా. రాలేకపోతే రాయి. ఫోన్‌లో మీ అమ్మ చెప్పేది మాత్రం సగమే నమ్ము.

నీ
మావయ్య

తా.క. ఈ కాగితం మడుస్తుండగా పాలవాడు వచ్చినట్టున్నాడు, నాకు తెలియలేదు. మీ అమ్మ మంచం దిగింది. గోడ పట్టుకోకుండా గుమ్మం దాకా నడిచి, పాల ప్యాకెట్ తీసుకుని, లోపలికి వెళ్ళి పొయ్యి మీద పెట్టింది.